బ్యాగ్ ఒళ్లోకి ఎక్కితే కష్టమే

ప్రశ్న: మా నాన్నగారికి 81 ఏళ్లు. పక్షవాతం వచ్చినప్పుడు ఆసుపత్రిలో యూరిన్ పైపు వేశారు. నాలుగు నెలలుగా హైదరాబాద్ శివార్లలోని ఒక వృద్ధాశ్రమంలో ఉంటున్నారు. బ్యాగులో మూత్రం మడ్డిగా ఉన్నా, వాసన వచ్చినా వాళ్లు పరీక్ష చేయించి యాంటీబయాటిక్ మొదలుపెడుతున్నారు. ఇప్పటికి మూడు కోర్సులయ్యాయి. మళ్లీ అదే రిపోర్టు. ఏం చెయ్యమంటారు?
- ఒక కూతురు, విజయవాడ

జవాబు: ఈసారి భోజనాల వేళకి వెళ్లండమ్మా. నాన్నగారిని మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి దించుతున్నప్పుడు బ్యాగ్ ఎక్కడుందో చూడండి. 30 ఏళ్లు వార్డుల్లో నర్సుగా చేశాను. బ్యాగును పెద్దాయన ఒళ్లో పడేసి కుర్చీ తోసుకుపోయే ఆయాలను ఎంతమందిని చూశానో! వాళ్లను తిట్టి లాభం లేదు, ఎవరూ చెప్పి ఉండరు. బ్యాగ్ పొత్తికడుపు కంటే పైకి లేచిందంటే అందులోని మూత్రం వెనక్కి పోతుంది. నేలకీ తగలకూడదు. మంచం పట్టీకి కట్టాలి, పక్కన ఎత్తి దించే కమ్మీకి కాదు. కమ్మీ ఎత్తితే బ్యాగూ లేస్తుంది.

ఇక రిపోర్టు సంగతి. పైపు పెట్టి నెల దాటితే దాదాపు అందరి మూత్రంలోనూ బ్యాక్టీరియా ఉంటుంది. ఉన్నంత మాత్రాన జబ్బు కాదు. ఊరికే మందులు వేస్తూ పోతే, నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచెయ్యదు. జ్వరం, చలివణుకు, పొత్తికడుపు నొప్పి, ఉన్నట్టుండి మగతగా అయిపోవడం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం - ఇవి కనిపిస్తే మాత్రం ఆ రోజే డాక్టరుకి చూపించాలి. అప్పుడు, పైపు వేసి రెండు వారాలు దాటి ఉంటే అది మార్చి, కొత్త పైపులోంచి శాంపిల్ తీయమనండి. బ్యాగులోంచి తీసింది ఎందుకూ పనికిరాదు.

పైపు లోపలికి వెళ్లే చోట కడగడానికి రోజూ సబ్బూ నీళ్లూ చాలు, డెట్టాల్ వద్దు. మగవాళ్లకి ముందు చర్మం వెనక్కి జరిపి కడిగాక మళ్లీ ముందుకి లాగాలి. మరిచిపోతే వాచిపోతుంది. ఈ ముక్క ఆయాలకి చెప్పడానికి అందరూ సిగ్గుపడతారు, అందుకే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఆసుపత్రి డిశ్చార్జి కాగితం వెతకండి. మూత్రం ఆగిపోయి పైపు వేశారా, పక్క తడుస్తోందని వేశారా? రెండోదైతే తీసి చూడవచ్చా అని యూరాలజిస్టుని అడగండి. నాలుగు నెలలుగా ఆ మాట ఎవరూ ఎత్తి ఉండరని నా అనుమానం. తీసేది పొద్దున్నే తీయించండి, ఆ రోజు మీరు అక్కడే ఉండండి. కొన్ని గంటలైనా మూత్రం రాక పొట్ట ఉబ్బుతుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.