తీపి మానేస్తే హెచ్‌పీవీ పోతుందా?

మీ వదినగారికి హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీయగల వైరస్) పాజిటివ్ వచ్చిందనీ, అన్నం, తీపి మానేస్తే వైరస్ ఆకలికి చస్తుందని ఎవరో చెబితే ఆమె ఒంటిపూట తింటున్నారనీ పర్లాకిమిడి నుంచి రాశారు. ముందు ఆమెకు కడుపునిండా అన్నం పెట్టండి.

నేను బరంపురంలో స్త్రీల విభాగంలో నర్సుని. ఆ మాటలో రవ్వంత నిజం ఉంది, అందుకే అంతమంది నమ్ముతున్నారు. గర్భాశయ ముఖద్వారానికి అయోడిన్ పూసే పరీక్ష ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్న పైపొర కణాల్లో గ్లైకోజెన్, అంటే నిల్వ చక్కెర, దండిగా ఉంటుంది. అయోడిన్ తగలగానే అక్కడ ముదురు గోధుమరంగు తేలుతుంది. నిల్వ లేనిచోట రంగు పట్టదు, పసుపు మచ్చగా మిగులుతుంది. లైటు దగ్గరికి జరిపితే మచ్చ అంచు గీత గీసినట్టు కనిపిస్తుంది. ముట్లుడిగిన వారిలోనూ, వాపు ఉన్నా ఇలాగే కనిపించవచ్చు. మచ్చ చూసి బెంబేలు పడక్కర్లేదు.

ఆ చక్కెర ఏమైనట్టు? హెచ్‌పీవీకి ఉన్న డీఎన్‌ఏ సుమారు 8,000 జతల అక్షరాలే. తనను తాను నకలు తీసుకునే యంత్రాంగం దానికి లేదు. అద్దెకు దిగి ఇంటివారి పొయ్యి మీదే వండుకునే రకం. సన్నటి గాట్ల గుండా అడుగుపొర కణాల్లోకి చేరుతుంది. ఆ కణాలు పైకి వచ్చేకొద్దీ విభజన ఆపి గ్లైకోజెన్ దాచుకోవాలి. వైరస్ తయారుచేసే ఈ7 ప్రోటీన్ వాటిని ఆగనివ్వదు. కణం దెబ్బతింటే విభజన ఆపాల్సిన పీ53 అనే మన ప్రోటీన్‌ను వైరస్‌దే మరో ప్రోటీన్ ఈ6 తుడిచేస్తుంది. ప్రమాదకర రకాలు ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తే కణాలు ఆక్సిజన్ ఉన్నా గ్లూకోజును లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తూ, అందులో కొంత కొత్త కణాల ముడిసరుకుకు మళ్లిస్తాయి. క్యాన్సర్ కణాల్లో ఈ తీరును 1920లలోనే జర్మన్ శాస్త్రవేత్త వార్‌బర్గ్ గమనించాడు. ఈ7 నేరుగా, గ్లూకోజును విరిచే దారిలోని పైరువేట్ కైనేజ్ ఎం2 అనే ఎంజైమును పట్టుకుంటుందని తర్వాత తేలింది.

అంటే మారింది కణం చక్కెరను వాడుకునే తీరు. మీ వదినగారి కంచం కాదు. ఆమె లడ్డూ మానేసినా కాలేయం రక్తంలో గ్లూకోజు తగ్గనివ్వదు. పస్తుంటే నీరసపడేది ఆమే. వైరస్‌ను తరిమేది రోగనిరోధక శక్తి; పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి రెండేళ్లలోపు దానంతటదే పోతుంది.

మానాల్సింది వేరే ఉంది. మన వైపు పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం) ఇంకా చూస్తుంటాను, వాళ్లకేమో అది అలవాటే కాదన్నట్టు ఉంటుంది. పొగాకు పదార్థాలు గర్భాశయ ముఖద్వారపు జిగటలోకీ చేరతాయి. వైరస్ తిష్ఠ వేయడానికి పొగతాగడం తోడవుతుంది.

ఇక రిపోర్టులో ఏ రకమో చూడండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 రకాలే కారణం. వాటిలో ఏదైనా ఉంటే కాల్పోస్కోపీ (గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్ష) వాయిదా వేయవద్దు. మిగతా రకాలైతే మళ్లీ పరీక్ష ఎప్పుడో డాక్టరును అడగండి. కాల్పోస్కోపీకి నెలసరి లేని రోజు చూసుకుని వెళ్లండి; దానికి పరగడుపున ఉండాల్సిన పనీ లేదు.