ఊరెళ్ళే ముందు ఒక మాట

చిరంజీవి కిరణ్‌కి,

పెదనాన్న ఆశీస్సులు. ముత్తాత గురించి ఆరా తియ్యడానికి టెక్కలి వైపు వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లో ఇన్నాళ్ళకి ఒకడికి ఆ ధ్యాస పుట్టినందుకు సంతోషం. కానీ రాత్రంతా టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ముందు ట్రంకుపెట్టెలోని లగ్నపత్రికలు, పాత ప్రామిసరీ నోట్లు చూడు. తండ్రి పేరు, ఊరి పేరు వాటిలో దొరుకుతాయి. పాత కాగితాల్లో శ్రీకాకుళం జిల్లా అని వెతకకు. 1936 దాకా ఆ ప్రాంతం గంజాం జిల్లా, తర్వాత విశాఖపట్నం జిల్లా. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. మనది జమీందారీ గ్రామం. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే అక్కడ భూములు కొలిచి హక్కులు రాసే సర్కారు సెటిల్‌మెంటు జరిగింది. ఊరి భూముల లెక్కలు రాసే కరణాలను 1984లో తీసేశారు కదా, వాళ్ళ వారసుల ఇళ్ళలో ఏమైనా దస్త్రాలు మిగిలాయేమో మెల్లగా అడుగు.

ఇవన్నీ నువ్వే కనుక్కోగలవు. నా భయం వేరు.

ముప్పై ఏళ్ళ కిందట మీ నాన్న కూడా ఇదే పని మీద వెళ్ళాడు. నీకు చెప్పి ఉండడు. ఇస్త్రీ బట్టలు, చేతిలో ఫైలు, పక్కన ప్లీడరు స్నేహితుడు. బస్సు దిగీ దిగగానే ఎమ్మార్వో ఆఫీసుకెళ్ళి మా తాత పేరు మీద అడంగల్ (ఏ భూమి ఎవరిదో, ఎవరి సాగులో ఉందో చూపే లెక్క) నకలు అడిగాడు. తాత రంగం, అదే బర్మాలోని రంగూన్, వెళ్తూ భూమిని దాయాదులకు అప్పగించాడు. 1942లో రంగం జపాన్ చేతికి పోయినప్పుడు ప్రాణాలతో తిరిగొచ్చినా, ఊరికి పోకుండా విశాఖలోనే ఉండిపోయాడు. ఆ దాయాదులు తరాలుగా ఆ భూమి మీదే బతుకుతున్నారు. సాయంత్రానికల్లా ‘వాటాకి వచ్చారు’ అని ఊరంతా పాకిపోయింది. మర్నాడు ప్రతి ఇంట్లో మంచినీళ్ళిచ్చారు గానీ ఒక్కరూ నోరు విప్పలేదు.

తాత చెల్లెలు అప్పటికింకా బతికే ఉంది. ఎవరిని ఏ ఊరిచ్చారో, ఏ బిడ్డ కలరాకి పోయిందో అన్నీ ఆవిడకే తెలుసు. ఒంట్లో బాలేదని మనవడు గుమ్మంలోనే ఆపేశాడట. లోపల్నుంచి ‘ఎవర్రా వచ్చింది?’ అని ఆవిడ అడగడం మీ నాన్నకి వినబడుతూనే ఉంది. మరుసటేడు ఆవిడ పోయింది. వాడు ఆ ఫైలు మళ్ళీ తెరవలేదు.

అందుకే చెబుతున్నా, భూమి ఊసెత్తకు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక్క కాగితం కూడా చూపించకు. ఫోన్ జేబులోంచి తియ్యకు. ఆ ఊరి మాస్టారెవరైనా ఉంటే వెంటబెట్టుకో. భోజనానికి రమ్మంటే వెళ్ళు, నీ డైటింగులు అక్కడ వద్దు. ఆడవాళ్ళ దగ్గర కూర్చుని ఆడపడుచులను ఎక్కడికిచ్చారు, తద్దినాలు ఏ తిథిన పెడతారు అని అడుగు. సంవత్సరం ఎవరికీ గుర్తుండదు, తిథి ఉంటుంది.

ఇంకోటి. రంగంలో తాతకి ఇంకో సంసారం ఉండేదని మా అమ్మ ఓసారి అని, మళ్ళీ మాట మింగేసింది. అలాంటిదేమైనా తేలితే ఫ్యామిలీ గ్రూపులో పెట్టకుండా ముందు నాకు ఫోన్ చెయ్యి. ఈ ఉత్తరం సంగతి మీ నాన్నతో అనకు.

మీ పెదనాన్న