ఏడాదిన్నర పాపను సంగీత తరగతిలో మానిపించాలా?

ఏడాదిన్నర పాపను వారం వారం సంగీత తరగతికి తీసుకువెళ్తున్నామని, అక్కడ ఆమె పాడకపోగా చప్పట్లైనా కొట్టకుండా మూలన నిలబడి చూస్తుందని, లేదంటే గదంతా తిరుగుతుందని, అందుచేత మానిపించడమే మంచిదా అని మీరు అడిగారు. మానిపించవద్దు. నా కూతురిని అదే వయసులో అలాంటి తరగతికి తీసుకువెళ్ళిన తల్లిగా, ఆ తరువాత కొంతకాలం ఒక టీచరుకు సహాయకురాలిగా పనిచేసిన మనిషిగా ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. మూలన నిలబడి చూసే పిల్లలే ఆ గదిలో అందరికన్నా శ్రద్ధగా వినేవారు. తరగతిలో పెదవి కదపని పిల్ల అదే సాయంత్రం స్నానం చేయిస్తుండగా పాటలోని చివరి అక్షరాలను సరిగ్గా వాటి చోటనే పలికిందని ఎందరో తల్లులు వచ్చి చెప్పేవారు. ఈ వయసులో వినడానికీ, విన్నది చేసి చూపడానికీ మధ్య చాలా ఎడం ఉంటుంది. మాటల విషయంలో దానిని ఒప్పుకొని ఓపికగా ఎదురుచూసే పెద్దలే పాట దగ్గరకు వచ్చేసరికి ఆ నెలలోనే ఫలితం కావాలంటారు.

అయితే మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది మరొక వాక్యం. పాప తరగతిలో ఉన్నంతసేపూ మీరు వెనుక కుర్చీలో కూర్చుని వీడియో తీస్తున్నారని రాశారు. మూడేళ్లలోపు పిల్లల సంగీత తరగతి పిల్లలకు ఎంత అవసరమో, వారి పెద్దలకు అంతకన్నా ఎక్కువ అవసరమని నా నమ్మకం.

ఆ నమ్మకం నాకు ఒక పుట్టినరోజు వేడుకలో కలిగింది. మాకు తెలిసినవారు తమ రెండేళ్ల కొడుకు పుట్టినరోజుకు చిన్నపిల్లల కోసం ఆటపాటలు పెట్టుకుని, పసివాళ్లకు సంగీతం నేర్పే ఒక టీచరును పిలిచారు. ఆమె వచ్చేసరికి గదికి రెండు వైపులా నిలువెత్తు స్పీకర్లు హోరెత్తుతున్నాయి. ఇద్దరు పిల్లలు చెవులు మూసుకుని నిలబడ్డారు, ఒక పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది, పెద్దలు గోడవారన కుర్చీలలో కూర్చుని ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటున్నారు. ఆమె ముందుగా స్పీకర్లు ఆపించింది. మోకాళ్లు వంగని పెద్దవాళ్లను తప్ప మిగిలిన అందరినీ, ఎవరి బిడ్డను వారు ఒడిలో పెట్టుకుని, నేల మీద గుండ్రంగా కూర్చోమంది. ఫోన్లు సంచుల్లో పెట్టమన్నప్పుడు కొందరి ముఖాలు చిన్నబోయాయి కాని ఆమె పట్టించుకోలేదు.

మధ్యలో ఒక పెద్ద డ్రమ్ము ఉంచి ఆమె మెల్లగా పాట ఎత్తుకుంది. పుట్టినరోజు పిల్లవాడు తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి రెండు చేతులతో దబదబా బాదసాగాడు. వాళ్ల నాన్న కంగారుపడి, "మెల్లగా, తాళం ప్రకారం కొట్టాలి నాన్నా" అంటూ చేయి పట్టుకోబోయాడు. "పట్టుకోకండి, వాడు కొట్టినట్టే మనం పాడదాం" అని టీచరు తన పాట వేగం పెంచి వాడి దెబ్బలతో కలిపింది. కాసేపటికి వాడు ఆగాడు. ఆమె కూడా పదం సగంలో ఉండగానే ఆగిపోయింది. వాడు ఆమె ముఖంలోకి చూసి ఒక్క దెబ్బ కొట్టాడు, ఆమె ఒక్క అక్షరం పాడింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ ఒక్క అక్షరం. తన చేయి కదిలితేనే గదిలోని పాట కదులుతోందని వాడికి తెలిసిపోయింది. ఇక వాడి నవ్వు ఆగలేదు. ఆ తరువాత జరిగినది మరింత గొప్పది. ఆమె వేగాన్ని పిసరంత తగ్గించినప్పుడు వాడు ఆమె చేతులనే చూస్తూ, ఎవరూ చెప్పకుండా, తానూ కొంచెం తగ్గాడు. అంతవరకు కొడుకుకు తాళం నేర్పాలని తొందరపడిన తండ్రి ఒక చిన్న డ్రమ్ము తెచ్చుకుని, వాడి చేతుల వైపు చూస్తూ వాడితో పాటు కొట్టాడు. మా పాప మాత్రం నా ఒడి దిగలేదు, చప్పట్లు కొట్టలేదు. నేను పాడుతున్నంతసేపూ నా గొంతు మీద అరచేయి ఆనించి కూర్చుంది.

చిన్నపిల్లల దెబ్బల వేగం సహజంగానే పెద్దలకన్నా ఎక్కువ. నెమ్మదిగా సాగే పాటకు చేయి కలపడం వాళ్లకు చాలా కష్టం. సెబాస్టియన్ కిర్ష్నర్, మైకేల్ టోమసెల్లో అనే పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో రెండున్నర ఏళ్ల నుంచి నాలుగున్నర ఏళ్ల వరకు ఉన్న పిల్లలతో డ్రమ్ము కొట్టించి చూశారు. ఎదురుగా ఒక మనిషి కూర్చుని కొడుతున్నప్పుడు పిల్లలు లయ కలిపినంత బాగా యంత్రంతో గాని, స్పీకరులోంచి వచ్చే చప్పుడుతో గాని కలపలేకపోయారు. ఆ వేడుకలో నేను చూసినదీ ఇదే. అందువల్ల నిలువెత్తు స్పీకర్లు పెట్టి పసిపిల్లలను ఆడమనడం మీద నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు. పిల్లలు పాటలు వినడానికి వాడే ఫోన్లు, హెడ్‌ఫోన్ల వంటి పరికరాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 40 గంటలకు 75 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణం) పరిమితి సూచించింది. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సురక్షిత సమయం సగానికి పడిపోతుంది. పక్కవారితో మాట్లాడడానికి అరవవలసి వస్తోందంటే ఆ గది ఒడిలో బిడ్డ ఉండదగిన గది కాదు.

మరొక ఫిర్యాదు కూడా చెప్పాలి. సంగీతం వింటే పిల్లల తెలివి పెరుగుతుందని ప్రచారం చేసి చేర్పించుకొనే తరగతులు చాలా ఉన్నాయి. 1993లో పాశ్చాత్య స్వరకర్త మోత్సార్ట్ సంగీతం వినిపించి చేసిన ప్రయోగంలో పాల్గొన్నవారు కాలేజీ విద్యార్థులు. వారిలో కనిపించిన మార్పు ఒక రకం పరీక్షలో, పావుగంటకు మించకుండా నిలిచినది. దానిని పట్టుకుని ఉయ్యాలలోని బిడ్డలకు రికార్డులు అమ్మారు. తెలివి కోసం సంగీతమనడం నా దృష్టిలో సంగీతానికీ, బిడ్డకూ అవమానమే. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వారు 2012లో ప్రచురించిన పరిశీలన నాకు ఇంతకన్నా విలువైనదిగా కనిపిస్తుంది. ఆరు నెలల వయసు నుంచి తల్లిదండ్రులతో కలిసి పాడుతూ వాయిస్తూ గడిపిన పిల్లలు, వెనుక రికార్డు మోగుతుండగా బొమ్మలతో ఆడుకున్న పిల్లలకన్నా, ఏడాది నిండేసరికి వేలు పెట్టి చూపడం, చేయి ఊపి వీడ్కోలు చెప్పడం వంటి సైగలలో ముందున్నారు, కొత్త పరిస్థితులలో తక్కువ బెదిరారు. రెండు గుంపుల పిల్లలకూ సంగీతం వినిపించింది, కాని ఒక గుంపులోనే పెద్దలు బిడ్డతో కలిసి పాడారు.

తమ గొంతు బాగుండదని చాలామంది తల్లిదండ్రులు నోరు విప్పరు. మీరూ ఆ కోవలోనివారైతే ఆ బెంగ వదిలేయండి. బిడ్డ గర్భంలో ఉన్నప్పటినుంచీ మీ గొంతు వింటోంది, దానికి మార్కులు వేయదు. వచ్చే వారం ఫోను సంచిలో పెట్టి, కుర్చీ వదిలి నేల మీద కూర్చుని, టీచరు పాడించే ప్రతి పాటనూ మీరు పాడండి. పాప తిరిగితే తిరగనివ్వండి, గిలక్కాయ చేతిలో పెట్టి బలవంతాన ఊపించకండి. ఈ వయసులో చేతికి అందినదల్లా నోట్లోకి పోతుంది కనుక పగిలే వస్తువులు, గింజలు రాలే వస్తువులు దగ్గర ఉంచే తరగతి అయితే ముందు టీచరుతో మాట్లాడండి. తరగతి నడిచే గంటలో తల్లిదండ్రులను బయట కూర్చోబెట్టేవారైనా, ఈ వయసు పిల్లలను వేదిక ఎక్కించే ప్రదర్శన గురించి మొదటి రోజే చెప్పేవారైనా, అక్కడ మానిపించి వేరే తరగతి చూడండి. నేర్చుకున్న పాటలను ఇంట్లో బట్టలు తొడిగేటప్పుడు, నిద్రపుచ్చేటప్పుడు పాడుతూ, పాప పలకడానికి వీలుగా చివరి పదం దగ్గర ఆగండి. శ్రుతిలో పాడడం మాత్రం మూడేళ్లు నిండేదాకా ఆమె నుంచి ఆశించకండి.