సోలార్ వ్యాసాలకు పాఠకులు రావాలంటే

గ్రీన్ ఎనర్జీ మీద ఏడాదిగా రాస్తున్నా స్నేహితులు తప్ప ఎవరూ చదవడం లేదన్నారు కదా. మీ విషయం చిన్నదని కాదండీ, శీర్షికలే మరీ పెద్దవి. 'పునరుత్పాదక ఇంధన భవిష్యత్తు' అని ఎవరు వెతుకుతారు? 'కరెంటు పోతే నా సోలార్ కూడా ఎందుకు ఆగిపోతోంది' అని వెతుకుతారు. దానికి మొదటి పేరాలోనే జవాబివ్వండి: గ్రిడ్‌కు, అంటే బయటి కరెంటు లైన్లకు, కలిపిన మామూలు ఇన్వర్టర్, లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా తనంతట తానే ఆగిపోతుంది. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ రకమైతే గ్రిడ్ నుంచి విడిపోయి ఇంటికి మాత్రం కరెంటు ఇవ్వగలదు.

ఇంకో టెన్షన్, ఎండ మండిపోతున్నా ఉత్పత్తి తగ్గిందేమిటని. సిలికాన్ ప్యానెల్ మీద రాసే రేటింగ్, అంటే ఎంత కరెంటు ఇస్తుందన్నది, దానిలోని సెల్ (కరెంటు పుట్టించే పలక) వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. ఆపైన ప్రతి డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. సెల్ 60 డిగ్రీలకు చేరితే పదో వంతు పైగా పోయినట్టే. ఇలా లెక్క వేసి చూపిస్తే దాచుకుని మరీ చదువుతారు.

వారానికి మూడు రాయాలనే పంతం వదిలేయండి. పాతవాటికి శీర్షికలు మార్చండి, ఒకదాని నుంచి ఇంకోదానికి లింకులు ఇవ్వండి. కిలోవాట్‌కీ యూనిట్‌కీ తేడా మీద మీరు రాసింది నాకు బాగా నచ్చింది, పాపం అదేమో ఎక్కడో అడుగున పడి ఉంది. ముందు దాన్ని పైకి తీయండి.