కోడియక్కరై వెళ్తున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

తమిళనాడు తీరంలోని కోడియక్కరై క్యాంపుకి నిన్ను తీసుకున్నారని మీ నాన్న నిన్న ఫోన్ చేసి చెప్పాడు. పక్షుల రాకపోకలు తెలుసుకోవడానికి వాటి కాళ్లకి నంబరు రింగులు వేసే పని మన ఇంట్లో నా తర్వాత ఇంకొకరు నేర్చుకోబోతున్నారంటే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. పనిముట్లు ఎలా వాడాలో, కొలతలు ఎలా తీయాలో అక్కడ వాళ్లే నేర్పిస్తారు. పని హడావిడిలో వాళ్లకి చెప్పే తీరిక ఉండని సంగతులు నేను రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఇది మనసులో పెట్టుకో. పక్షికి నలతగా ఉందనిపిస్తే రింగు వేయకుండా వదిలెయ్యాలి. చెప్పడానికి తేలికే. చీకట్లో లేచి, బురదలో నడిచి, గంటల తరబడి కాచుకున్నాక ఒక అరుదైన పిట్ట చేతికి వస్తే మాత్రం ఎవరికైనా ఆశ పుడుతుంది. 'ఒక్క రెక్క కొలత తీసుకుని వదిలేద్దాం' అనిపిస్తుంది. అది నోరు తెరిచి రొప్పుతున్నా, కళ్లు మూతలు పడుతున్నా ఆ ఒక్క కొలత కూడా వద్దు. నీడలో, నిబ్బరంగా నిలబడగలిగే చోట వదిలెయ్. పుస్తకంలో 'రింగు వేయలేదు' అని రాయి. మంచి టీమ్ లీడర్ ఎవరూ దానికి నిన్ను తప్పు పట్టరు. పక్షి రెండు రోజులకి చచ్చిపోతే దాని కాలి మీద నంబరు ఎవరికీ ఏమీ చెప్పదు.

ఈ పని ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకో. 1899లో డెన్మార్క్‌లో మోర్టెన్‌సెన్ అనే బడి మాస్టారు, మన గోరువంకల చుట్టాలైన స్టార్లింగుల కాళ్లకి అల్యూమినియం రింగులు వేసి వదిలాడు. మన దేశంలో 1927లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మొదలుపెట్టింది. పెద్ద ఎత్తున సాగింది మాత్రం 1959 నుంచి. దాని వెనక ఒక జబ్బు కథ ఉంది. 1957లో కర్ణాటకలో క్యాసనూరు అడవి జ్వరం బయటపడింది. కోతులు చచ్చిపోయాయి, మనుషులకూ సోకింది. ఆ వైరస్ సైబీరియా వైపు కనిపించే ఇంకో వైరస్‌కి దగ్గరగా ఉండటంతో, వలస పక్షులు తమ మీదున్న పిడుదులతో దాన్ని మోసుకొచ్చాయేమోనని అనుమానం వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయం చేసింది, పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ముందుండి నడిపించారు. భరత్‌పూర్‌లో, నువ్వు వెళ్లే కోడియక్కరైలో ఏళ్ల తరబడి వేసిన రింగుల వల్లే మన నేలకి ఏ పక్షి ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తూ వచ్చింది.

ఇక వల సంగతి. పిట్టల్ని పట్టే వలని మిస్ట్ నెట్ అంటారు, సన్నటి నల్ల దారంతో ఉంటుంది. అడ్డంగా తాళ్లు లాగి కట్టి, వాటి మధ్య వలని కొంచెం వదులుగా వేలాడనిస్తారు. ఎగురుతూ వచ్చిన పిట్ట వలకి తగిలి, తాడు కింద సంచిలా జారిన చోట పడుతుంది. వల బిగుతుగా ఉంటే తగిలి బయటికి ఎగిరిపోతుంది, మరీ వదులైతే చిక్కు పెరుగుతుంది. నీటి ఒడ్డున తిరిగే ఉల్లంకి పిట్టల కోసం చంద్రుడు లేని రాత్రుల్లో నీళ్ల మీద వలలు కడతారు. అక్కడ నువ్వు మాటిమాటికీ చూడాల్సింది నీటి మట్టం. పోటు వచ్చి నీళ్లు పెరిగితే కింది తాడు దగ్గర పడ్డ పిట్ట మునిగిపోతుంది. అందుకని కింది తాడు ఎప్పుడూ నీటికి బాగా పైనే ఉండాలి. గట్టు మీద కట్టిన వలకి నక్కల భయం ఉంది. ఎండ ఉన్నా, గాలి ఉన్నా అరగంట చాలా ఎక్కువ, అంతకు ముందే వెళ్లి చూడు. టిఫిన్‌కి వెళ్తూ వల అలాగే వదిలి వెళ్లేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చూసే మనిషి లేకపోతే వల చుట్టి కట్టెయ్యాలి.

వలలోంచి పిట్టని తీయడం అన్నిటికన్నా కష్టమైన పని, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. చెయ్యి పెట్టే ముందు నిలబడి చూడు. పిట్ట వలకి ఏ వైపు నుంచి వచ్చిందో కనిపెట్టు, ఆ వైపు నుంచే తీయాలి. తోక కింద, పొట్ట దగ్గర దారం అడ్డం లేని చోటు కనిపిస్తుంది, అదే అది లోపలికి వెళ్లిన దారి. సాధారణంగా కాళ్లతో మొదలుపెడతాం. గోళ్లతో దారాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. నువ్వు లాగితే ఇంకా బిగిస్తుంది. కాలిని నిటారుగా చాపి, దారాన్ని వేళ్ల మీదుగా మెల్లగా జార్చు. కాళ్లు వచ్చాక రెక్క, చివరికి తల. తలకి చుట్టుకున్న దారాన్ని వెనక నుంచి ముక్కు వైపు మెల్లగా తీయాలి. కాసేపు ప్రయత్నించినా రాకపోతే అనుభవం ఉన్నవాళ్లని పిలువు. వాళ్లకీ రాకపోతే కత్తెరతో దారం తెంచెయ్యాలి. వల పోతే ఇంకోటి కొంటారు.

చేతిలోకి వచ్చాక వీపు నీ అరచేతికి ఆనేలా పట్టుకో, మెడ చూపుడు వేలికి, మధ్య వేలికి నడుమ ఉండాలి. మిగతా వేళ్లు ఒళ్లు చుట్టూ ఊరికే మూసి ఉంచాలి, నొక్కకూడదు. పక్షి ఊపిరి తీసేటప్పుడు దాని రొమ్ము కదలాలి. రొమ్ము కదలకుండా పట్టుకుంటే ఊపిరాడక నీ చేతిలోనే పోతుంది. తర్వాత గుడ్డ సంచిలో వేస్తారు. ఒక సంచిలో ఒక్క పిట్టే. సంచిని నేల మీద పెట్టొద్దు, నీడలో వేలాడదియ్యి.

రింగు వేసేటప్పుడు సైజు పట్టిక చూడకుండా మొదలుపెట్టకు, ఎన్ని వందల పిట్టలకి వేసినా సరే. శ్రావణం (రింగు బిగించే పట్టుకారు) మూశాక రింగు అంచులు రెండూ కలవాలి. సందు ఉంటే వల దారమో, గడ్డి పోచో ఇరుక్కుంటుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కితే కాలు కోసుకుపోతుంది. వేశాక వేలితో తిప్పి చూడు, చేతి గాజులా పైకీ కిందకీ జారుతూ తిరగాలి. ఉప్పు నీళ్లలో తిరిగే పక్షులకి మెత్తటి అల్యూమినియం త్వరగా అరిగిపోతుంది, వాటికి గట్టి లోహం వాడతారు. ఉల్లంకి పిట్టలకి రంగు జెండాలు కూడా వేస్తారు. ఏ తీరంలో వేశారో ఆ రంగులే చెబుతాయి. దూరం నుంచి టెలిస్కోపులో చదివేందుకు వాటి మీద అక్షరాలు ఉంటాయి.

రాసే పుస్తకం దగ్గర నిర్లక్ష్యం వద్దు. నువ్వు నంబరు గట్టిగా చదువు, రాసేవాళ్లు తిరిగి నీకు చదివి వినిపించాలి. రాత్రి టార్చి వెలుగులో 1, 7 ఒకేలా కనిపిస్తాయి. పాడైపోయిన రింగు ఉంటే దాని నంబరు కూడా రాసెయ్. పాత రింగుతో పట్టుబడ్డ పిట్ట దొరికితే ఇద్దరు వేర్వేరుగా చదవాలి. చిన్న పిట్టల్లో, రింగు వేసిన వందలో ఒకటి కూడా మళ్లీ ఎవరికీ కనపడదు, కనబడినదాని నంబరు తప్పు రాశామంటే ఆ పాటి ఫలితం కూడా పోయినట్టే.

పక్షి ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా చెప్పే శాటిలైట్ ట్యాగులంటే ఇష్టమని నువ్వు ఫోన్‌లో అన్నావు. మంచిదే. 2012లో నాగాలాండ్‌లోని డోయాంగ్ జలాశయం దగ్గర అముర్ డేగల్ని వలలు కట్టి వేలకి వేలు చంపారు. మరుసటి ఏడాది అక్కడే మూడింటికి ట్యాగులు పెట్టి నాగా, వోఖా, పాంగ్తి అని పేర్లు పెట్టారు. వాటి దారి మన తెలుగు నేల మీదుగా, మహారాష్ట్ర దాటి, అరేబియా సముద్రం మీదుగా ఆఫ్రికాకి వెళ్లింది. ఆ ఊళ్లవాళ్లే తర్వాత ఆ పక్షులకి కాపలాదారులయ్యారు. ఆ డేగ బరువు నూట యాభై గ్రాములు, కాస్త అటూ ఇటూ. పెట్టిన ట్యాగు 5 గ్రాములు. పక్షి బరువులో మూడు నుంచి అయిదు శాతానికి మించి మోయించకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. పాతిక గ్రాములు కూడా తూగని ఉల్లంకి పిట్టకి అలాంటిది ఎలా పెడతావు? దాని వెంట వెళ్లడానికి ఈ చిన్న రింగే పెద్ద ఆధారం. పైగా బ్యాటరీలకి ఆయుష్షు తక్కువ. పసిఫిక్‌లోని మిడ్‌వే దీవిలో 1956లో రింగు వేసిన 'విజ్‌డమ్' అనే ఆల్బట్రాస్ డెబ్బై ఏళ్లు దాటాక కూడా గుడ్డు పెట్టిందని మనకి తెలిసింది రింగు వల్లే. రింగులు అరిగిపోతుంటే ఎప్పటికప్పుడు కొత్తవి వేస్తూ వచ్చారు.

అక్కడ మీతో పనిచేసే స్థానికుల దగ్గర కూర్చుని నేర్చుకో. సొసైటీకి దశాబ్దాల పాటు వలలు పట్టింది బీహార్ నుంచి వచ్చిన మీర్‌షికారులు. పక్షులు పట్టడం వాళ్ల కులవృత్తి. అలీ హుస్సేన్ లాంటివాళ్ల చేతి నేర్పు ఏ డిగ్రీకీ రాదు. మన కడప జిల్లా సంగతే చూడు. 1900 తర్వాత ఎవరూ చూడని కలివికోడిని 1986లో రాత్రిపూట టార్చి పట్టుకుని దొరకబుచ్చుకున్నది ఐతన్న అనే వేటగాడు. ఆ పక్షి మాత్రం బతకలేదు. ఈ రెండో సంగతి కూడా నువ్వు గుర్తుపెట్టుకోవాలని రాస్తున్నాను.

వచ్చాక ఉత్సాహం ఆపుకోలేక మన చెరువు గట్టున సొంతంగా వల కట్టకు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేకుండా అది నేరం. చేతిలో పిట్టతో సెల్ఫీలు కూడా వద్దు. చూసినవాళ్లు రెండో రోజే వల కొనుక్కుంటారు.

ముదురు రంగు బట్టలు, తలకి కట్టుకునే టార్చి, బురదలో జారని చెప్పులు తీసుకెళ్లు. ఉంగరాలు, గాజులు ఇంట్లో పెట్టెయ్, వల దారం పట్టేస్తుంది. గోళ్లు కత్తిరించుకో. చెన్నై నుంచి నాగపట్నం, అక్కడి నుంచి వేదారణ్యం బస్సు ఎక్కాలి. ఏ రోజు బయలుదేరుతున్నావో ముందుగా చెబితే నా పాత శ్రావణం, గుడ్డ సంచులు కొరియర్ చేస్తాను. అవి వాడొచ్చో లేదో మీ టీమ్ లీడర్‌ని అడిగి, ఆయన సరేనంటేనే వాడు.

ఇట్లు,
మీ పెదనాన్న