పన్నెండేళ్లుగా కదలని యెజ్డీ రోడ్‌కింగ్‌ను మళ్లీ నడిపించవచ్చా?

మీ నాన్నగారు కాలం చేశాక ఆయన యెజ్డీ రోడ్‌కింగ్ మోటార్‌సైకిల్ పన్నెండేళ్లుగా పశువుల పాకలోనే ఉండిపోయిందనీ, ఊళ్లో మెకానిక్ "పెట్రోలు పోసి నాలుగు కిక్కులు కొడితే లేస్తుంది" అంటున్నాడనీ రాశారు. ఆయన మాట వినాలా, అసలు ఈ బండి మీద డబ్బు పెట్టడం దండగా అన్నది మీ ప్రశ్న. దండగ కాదు. కానీ ఆ నాలుగు కిక్కులు మాత్రం కొట్టనివ్వకండి. ఇలాంటి బండి స్టార్ట్ కాకపోవడం కంటే, తెరిచి చూడకుండానే స్టార్ట్ కావడం ఎక్కువ ప్రమాదం.

నేను బాగు చేయించుకున్నది కూడా రోడ్‌కింగే. గుంటూరు వైపు ఒక రైతు ఇంటి పెరట్లో పడి ఉంటే, పాత ఇనుము ధరకంటే కాస్త ఎక్కువిచ్చి తెచ్చుకున్నాను. ఇప్పుడు నా రోజువారీ బండి అదే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు ఇంజను సంగతి. మన బండిది టూ స్ట్రోక్. ఆయిల్ కలిపిన పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం నేరుగా సిలిండర్‌లోకి వెళ్లదు. ముందు కింద క్రాంక్ ఉన్న గదిలోకి వస్తుంది, పిస్టన్ దిగినప్పుడు అక్కడి నుంచి పైకి తోసుకెళుతుంది. కాబట్టి ఆ గదిలోకి బయటి గాలి చొరబడకూడదు. ఆ పని చేసేవి క్రాంక్‌కు రెండు వైపులా ఉండే రబ్బరు ఆయిల్ సీళ్లు. ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే వాటి అంచులు ఎండి గట్టిపడతాయి. క్లచ్ వైపు సీలు పోతే ఇంజను గేర్ ఆయిల్ పీల్చుకుంటుంది. సైలెన్సర్లలోంచి తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, గేర్ ఆయిల్ తగ్గిపోతూ ఉంటుంది. ఇది కనిపించే జబ్బు కాబట్టి కొంత నయం. డైనమో వైపు సీలు పోతే పొగ రాదు, గాలి లోపలికి వస్తుంది. మిశ్రమంలో పెట్రోలూ, దానితో పాటు ఆయిలూ తగ్గిపోతాయి. యాక్సిలరేటర్ వదిలినా ఇంజను తనంతట తానే అరుస్తుంది, ఐడిల్‌లో నిలవదు. చూసేవాళ్లకు "అబ్బ, ఎంత చురుగ్గా ఉంది" అనిపిస్తుంది. అదే ఊపులో హైవే ఎక్కితే పిస్టన్ వేడెక్కి సిలిండర్‌కు పట్టేస్తుంది, వెనక చక్రం ఉన్నట్టుండి ఆగిపోతుంది. సీళ్ల ఖరీదు వందల్లో ఉంటుంది. పట్టేసిన ఇంజను ఖర్చు వేలల్లో ఉంటుంది, మనిషి పడితే ఇక లెక్కే లేదు.

అందుకే ఇలా చేయండి. ప్లగ్గు ఊడదీసి, ఆ రంధ్రంలోంచి డీజిల్, ఇంజనాయిల్ సగం సగం కలిపి రెండు మూడు చెంచాలు పోయండి. రెండు రోజులు అలాగే వదిలేయండి. తర్వాత కిక్కు జోలికి పోకుండా, టాప్ గేర్‌లో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ మెల్లగా ఆడించండి. పిస్టన్ కదిలితే మంచిదే. కదలకపోతే మళ్లీ ఆయిల్ పోసి ఆగండి, సుత్తి మాత్రం వద్దు. బలవంతం చేస్తే పిస్టన్ మీది తుప్పు పట్టిన రింగులు పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచుకు తగులుకుని విరుగుతాయి. అప్పటికీ కదలకపోతే హెడ్డు, బ్యారెల్ విప్పించండి, ఈ ఇంజనులో అది పెద్ద పనేమీ కాదు. సిలిండర్ గోడ మీద గోరు ఆనించి చూడండి. గీతలు గోటికి తగిలితే లేత్‌కు పంపి బోరు కొట్టించి (సిలిండర్ లోపలి గోడను కాస్త కోయించి) ఓవర్‌సైజు పిస్టన్ వేయించాలి. తగలకపోతే ఉన్నదానితోనే నడుస్తుంది. ఆ రెండు ఆయిల్ సీళ్లూ మార్చడానికి ఇంజను ఎలాగూ దింపుతారు కాబట్టి కనెక్టింగ్ రాడ్డులో లూజు ఎంత ఉందో, బేరింగులు శబ్దం చేస్తున్నాయో అప్పుడే చూపించండి. మళ్లీ దింపించే కూలి మిగులుతుంది.

ట్యాంకు విషయంలో నా అభిప్రాయం స్పష్టం: పాతదాన్నే కాపాడుకోండి. బయట దొరికే కొత్త ట్యాంకుల రేకు పలుచన. లోపల తుప్పు ఉంటే పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) తీసి ఆ రంధ్రం మూసి, గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి నింపి ఒక రాత్రి ఉంచండి. పాత సైకిల్ చైను ముక్క లోపల వేసి ఊపితే పెచ్చులు రాలతాయి. పారబోసి, వంటసోడా నీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, వెంటనే ఆయిల్ కలిపిన పెట్రోలు పోసి అంతటా తిప్పండి. ఆలస్యమైతే కొత్త తుప్పు గంటల్లోనే మొదలవుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును పాడుచేస్తుంది. పెట్రోలు పైపు, కాక్ వాషర్లు కొత్తవి వేయించండి. నెలల తరబడి నడపని బండిలో పెట్రోలు నిల్వ ఉంచకండి.

కార్బురేటర్‌లో పాత పెట్రోలు జిగురులా గడ్డకట్టి ఉంటుంది. జెట్లను, అంటే పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాల ముక్కలను, స్ప్రేతో, గాలితో శుభ్రం చేయించండి, ఇనుప పిన్నుతో పొడవనివ్వకండి. రంధ్రం కొంచెం పెద్దదైనా ఆ జెట్ ఇక పనికిరాదు. మీది పాయింట్ల బండి (ప్లగ్గులో స్పార్కు రావడానికి కరెంటును తెంచే పాయింట్లు ఉన్నది) అయితే పాయింట్ల ముఖం సన్న ఎమరీతో రుద్ది, సందు 0.4 మిల్లీమీటర్లకు పెట్టించి, కండెన్సర్ మార్పించండి. పాకలో ఉందన్నారు కాబట్టి ఎలుకలు వైర్లు కొరికే ఉంటాయి, రెండు సైలెన్సర్లలో కందిరీగల మట్టిగూళ్లు కూడా ఉండవచ్చు.

బ్రేకులు బాగా కనిపించినా మార్చండి. పాత షూ మీద లైనింగు ఊడివచ్చి డ్రమ్ములో ఇరుక్కుంటే చక్రం బిగుసుకుపోతుంది. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2312 అని ఉంటే 2012లో 23వ వారంలో తయారైందని అర్థం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా అంత పాత టైరును తీసేయండి.

విడిభాగాల గురించి భయపడకండి. రోడ్‌కింగ్ 1978లో వచ్చింది, మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది, అయినా సామాను దొరుకుతూనే ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో అడగండి, లేకపోతే బెంగళూరు జేసీ రోడ్డులో వెతకండి. 2022లో యెజ్డీ పేరుతో మళ్లీ వచ్చినవి ఫోర్ స్ట్రోక్ బళ్లు, వాటి ఇంజను సామాను మన బండికి పనికిరాదు.

పెయింటు, క్రోమ్ చిట్టచివర. నాకు ఇంజనుకంటే వాటికే ఎక్కువ ఖర్చయింది. మీ నాన్నగారు నడిపిన రంగు ఇంకా నిలిచి ఉంటే, నేనైతే పాలిష్ పట్టించి అలాగే ఉంచుతాను.

వీటన్నిటికీ ముందు ఆర్‌సీ వెతకండి. సొంత వాహనాల రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి ఫారం 25తో పునరుద్ధరించుకోవాలి. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన మోటార్‌సైకిళ్లకు ఆ రుసుము 2,000 రూపాయలు. ఆలస్య రుసుము, గ్రీన్ ట్యాక్స్ వేరు. యజమాని మరణించారు కాబట్టి బండి మీ పేరుకు మార్చడానికి ఫారం 31, వారసుల కాగితాలు కావాలి. ఆర్‌సీ పోయి ఉంటే డూప్లికేట్‌కు ఫారం 26 ఇవ్వాలి. ఛాసిస్, ఇంజను నంబర్ల మీది మురికి తుడిచి, వాటిని ఆర్‌సీతో సరిపోల్చండి. ఎప్పుడైనా ఇంజను మార్చి ఉంటే డబ్బు పెట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తేల్చుకోండి.

బండి లేపేటప్పటి నుంచే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ కలపండి. బోరు కొట్టించి ఉంటే మొదటి 500 కిలోమీటర్లు 50 చొప్పున పోసి, నెమ్మదిగా నడపండి. ఈలోగా ప్లగ్గు విప్పి, పిస్టన్ కదిలిందో లేదో ఇక్కడే రాయండి. తర్వాత ఏం చేయాలన్నది దాన్నిబట్టి చెబుతాను.