ఇంటికీ కారుకీ హ్యామ్ యాంటెన్నా ఏది కొనాలి? గెయిన్ అంకె చూసి మాత్రం కొనకండి

హ్యామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాకు నడిపే సొంత రేడియో) గురించి ఒకరు అడిగింది ఇదీ: "అనంతపురంలో ఉంటాను. కొత్తగా వీయూ3 కాల్‌సైన్ (లైసెన్సుతో ఇచ్చే గుర్తింపు పేరు) వచ్చింది. మిద్దె మీదకు ఒకటి, కారుకు ఒకటి వీహెచ్‌ఎఫ్ యాంటెన్నా కావాలి. ఎక్కువ గెయిన్ (సిగ్నల్‌ను ఒక వైపుకు కూడదీసి పంపే బలం) ఉన్నది తీసుకుని, 50 వాట్ల రేడియో సెట్టు పెట్టుకుంటే కడప దాకా మాట్లాడొచ్చా? కారుకు సన్‌రూఫ్ ఉంది."

నేను ఉండేది కడపలోనే కాబట్టి ముందు ఆ ముక్క చెప్పేస్తాను. మాట్లాడలేరు. 50 కాదు, 500 వాట్లు పెట్టినా రోజూ మాట్లాడలేరు. వీహెచ్‌ఎఫ్‌లో మనం వాడే 145 మెగాహెర్ట్జ్ సిగ్నల్ కొండలెక్కి దిగే రకం కాదు, దాదాపు చూపు ఆనినంత మేరే దాని ఆట. లెక్క చిన్నదే. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. 9 మీటర్ల ఎత్తుకు సుమారు 12, 16 మీటర్లకు 16. అవతలివాళ్ల ఎత్తుకు వచ్చేది దీనికి కలుపుకోండి. ఇద్దరికీ మంచి ఎత్తే ఉన్నా మైదానంలో ముప్ఫై కిలోమీటర్ల లోపే. ఈ లెక్కలో వాట్లు ఎక్కడా రాలేదు, చూశారా?

కడపతో మాట్లాడాలనే పట్టుదల ఉంటే, మీ లైసెన్సు గ్రేడుకు అనుమతి ఉన్న మేరకు 40 మీటర్ల బ్యాండుకు (అల పొడవు 40 మీటర్లు ఉండే ఫ్రీక్వెన్సీలకు) రండి. అటు పది మీటర్లు, ఇటు పది మీటర్లు మామూలు రాగి వైరు, మధ్యలో ఒక పైపు, రెండు చివరలూ పిట్టగోడల వైపు దించి కట్టండి. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ పైకి పోయి, ఆకాశంలో చాలా ఎత్తున ఉండే అయనోవరణం అనే పొరకు తగిలి కిందికి దిగుతుంది. పగటిపూట చుట్టుపక్కల జిల్లాలు బాగా పలుకుతాయి. ఎక్కువ ఎత్తు కూడా అక్కర్లేదు. కాకపోతే వీధిలోని చవక ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, బోరు మోటార్ల స్టార్టర్లు అన్నీ కలిసి ఆ బ్యాండు మీద చేసే రొద ఉంది చూడండి, దాని గురించి మొదలుపెడితే ఈ జవాబు తెల్లారేదాకా సాగుతుంది. మా వీధిలో కరెంటు పోయినప్పుడు అందరూ తిట్టుకుంటారు, నేను మాత్రం సెట్టును బ్యాటరీ మీద ఆన్ చేస్తాను.

సరే, వీహెచ్‌ఎఫ్‌కు వద్దాం. యాంటెన్నా డబ్బా మీద గెయిన్ "6 డీబీఐ", "9 డీబీఐ" అని రాస్తారే, ఆ అంకెల్ని నేను నమ్మను. డీబీఐ అంటే ఎక్కడా లేని ఊహా యాంటెన్నాతో పోలిక. మీరు చేత్తో కట్టుకునే మామూలు డైపోల్‌కే (పైన చెప్పిన రెండు వైర్ల లాంటిదానికే) 2.15 ఉంటుంది. అంటే ఆరు అని రాసినచోట నిజంగా దొరికేది నాలుగు కూడా కాదు. అదీ రాసినది నిజమైతేనే. ఆ నాలుగునూ కేబుల్ మింగేస్తుంది.

అసలు గొడవంతా కేబుల్‌దే. సెట్టుకు వేలు పోసి, యాంటెన్నాకు వేలు పోసి, చివర్లో కేబుల్ దగ్గరికి వచ్చేసరికి సన్న ఆర్‌జీ 58 తెచ్చి లాగేస్తారు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ కేబుల్ పదిహేను మీటర్లకే దాదాపు 3 డీబీ తినేస్తుంది. అంటే సగం. సెట్టు 25 వాట్లు పంపితే మిద్దె మీదికి చేరేది పన్నెండు చిల్లర, మిగిలింది కేబుల్ వేడెక్కడానికి. అదే దూరానికి లావు ఆర్‌జీ 213 వేస్తే పద్దెనిమిది దాకా చేరుతుంది. పైగా వినేటప్పుడూ ఇదే నష్టం. సన్న గొంతుతో వచ్చే స్టేషన్ అసలు మీ చెవిన పడదు, అక్కడ ఎవరూ లేరనుకుంటారు. కొనేముందు కేబుల్ చివర కోసి చూపించమనండి. పై తొడుగు కింద ఉండే తీగల జాలీ దట్టంగా ఉండాలి, లోపలి తెల్ల ప్లాస్టిక్ కనిపిస్తోందంటే వద్దని వచ్చేయండి. నాకు ఒక దుకాణంలో మంచి కంపెనీ పేరు అచ్చువేసిన కేబుల్ ఇచ్చారు. కోసి చూస్తే లోపల నాలుగు వెంట్రుకలు. అడిగితే "అందరూ ఇదే తీసుకుపోతాండారు సార్" అన్నాడు. తీసుకుపోతారు మరి, ఎవరూ కోసి చూడరు కదా!

పైన యాంటెన్నా దగ్గరి కనెక్టరుకు మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు ఒక్కటే చుట్టొద్దు. మన ఎండలకు ఏప్రిల్ దాటేలోపు దాని జిగురు కారి, చుట్టు ఊడి, వేలాడుతూ ఉంటుంది. తొలకరికి నీళ్లు జాలీ వెంట లోపలికి దిగుతాయి. లాగి చుడితే తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపు దొరుకుతుంది. ముందు అది, దాని మీద నల్ల టేపు.

ఇక ఇంటికి యాంటెన్నా కొనకండి, చేసుకోండి. కేబుల్ తగిలించే ఒక ఎస్‌ఓ 239 సాకెట్టు, ఐదు గట్టి రాగి లేదా ఇత్తడి కడ్డీలు చాలు. నిటారుగా నిలిచేది 49 సెంటీమీటర్లు. సాకెట్టు నాలుగు మూలల నుంచి కిందికి దిగేవి దానికన్నా కొంచెం పొడవు, నలభై ఐదు డిగ్రీల వాలుగా వంచాలి. అలా వంచితే అది 50 ఓమ్‌ల దగ్గరికి వచ్చి కేబుల్‌తో కుదురుతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (పవరు ఎంత వెనక్కి తిరిగొస్తోందో చూపేది, 1 అయితే ఏమీ రానట్టు) పెట్టి, నిలువు కడ్డీని కొసన కొద్దికొద్దిగా కత్తిరించుకుంటూ పోతే 1.5 లోపు తేవడం కష్టం కాదు. అక్కడ ఆపండి. కొంతమంది 1.1 కావాలని రోజంతా మిద్దె మీదే మాడతారు. 1.5 దగ్గర వెనక్కి తిరిగొచ్చే పవరు నూటికి నాలుగు వంతులు, అంతే. ఆ కష్టమేదో పైపును ఇంకో రెండు మీటర్లు లేపడానికి పడితే ఫలితం ఉంటుంది.

పాలకొండల దాపున ఉన్న మాలాంటి వాళ్లకు కోతులు ఒక సమస్య. నాలుగు కడ్డీలు కనిపిస్తే వాటికి ఉయ్యాలే. అందుకే నేను స్లిమ్ జిమ్ అనే ఇంకో రకం యాంటెన్నాకు మారాను. ఒకటిన్నర మీటర్ల పొడవు, కిందికి దిగే కడ్డీలు అక్కర్లేదు, మొత్తం పీవీసీ పైపులో దాక్కుంటుంది. దూరదర్శన్ కాలంలో మిద్దె మీది యాంటెన్నా నుంచి టీవీకి దిగే చప్పటి రిబ్బన్ వైరు గుర్తుందా, దానితోనే చేసుకోవచ్చు. పాత సామాన్లలో వెతికితే ఇప్పటికీ ఎక్కడో ఒకచోట ఉంటుంది.

పైపు నిలబెట్టేముందు ఒక్కటి చూడండి. అది ఎటు పడినా కరెంటు తీగల మీద పడకూడదు. పైపు పొడవు కంటే తీగ దగ్గరగా ఉంటే ఆ చోటు వద్దు, ఇంకో మూల వెతుక్కోండి. ఉరుములు మొదలవకముందే కేబుల్ పీకేసి కిటికీ బయట పెట్టండి.

కారు సంగతికి వస్తాను. నాకు బాగా తెలిసింది అదే.

మా బామ్మర్దికి బొలెరో ఉంది. మదనపల్లె మార్కెట్టుకు, రాయచోటికి తిరుగుతుంటాడు. తనూ పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాడు. తెచ్చుకోగానే ఎవరో చెప్పారని పొడుగాటి డ్యూయల్ బ్యాండు (రెండు బ్యాండుల్లో పనిచేసే) యాంటెన్నా కొన్నాడు, మీటరున్నర ఉంటుంది. నా దగ్గర ఉన్నది అర మీటరు క్వార్టర్ వేవ్ కడ్డీ (అల పొడవులో నాలుగో వంతు), రేకుకు అతుక్కునే మ్యాగ్నెట్ మౌంటు మీద. ఏది మేలో తేల్చుకుందామని రెండూ వేసుకుని బయల్దేరాం. కడపలో మా మాస్టారు, రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్, ఇంట్లో సెట్టు ముందు కూర్చున్నారు.

తిరుగు ప్రయాణంలో గువ్వలచెరువులో ఆగి పాలకోవా కట్టించుకున్నాం. అక్కడ నుంచి పిలిస్తే పలుకు లేదు, కొండ అడ్డం. ఘాట్ దిగడం మొదలయ్యాక రెండు మలుపులు తిరిగేసరికి మాస్టారి గొంతు నిండుగా వచ్చింది. ఇంకో మలుపులో ముందు లోడు లారీ ఒకటి ఆగిపోయింది, మేమూ ఆగాం. అంతే, మాస్టారు పోయారు. ఒట్టి చరచర. లారీ కాస్త కదిలింది, మేము ఒక అడుగు ముందుకు జరిగాం, "...వినపడుతోందా నాయనా" అని పక్కనే కూర్చున్నట్టు వచ్చారు. ఇంకో అడుగు, మళ్లీ చరచర.

బామ్మర్దికి ఇది ఆటైపోయింది. రివర్సు వేసి "ఇక్కడనా బావా? ఇక్కడనా?" అంటూ అంగుళం అంగుళం జరుపుతున్నాడు. వెనక బస్సువాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. గొంతు దొరికిన చోట సెట్టును 5 వాట్లకు తగ్గించాను. మాస్టారు తేడా ఏమీ లేదన్నారు. పోయిన చోటికి జరిగి 25 పెట్టాను. ఆయనకు నా మాట ముక్కలు ముక్కలుగా కూడా చేరలేదు.

ఎందుకంటే ఘాట్‌లో సిగ్నల్ ఒక్క దారిలో రాదు. నేరుగా వచ్చేది కొంత, ఎదుటి రాతిగోడకు కొట్టుకుని వచ్చేది కొంత. రెండూ కలిసినచోట బలం, ఒకదానికొకటి ఎదురుపడినచోట సున్నా. ఈ బ్యాండులో అల పొడవు రెండు మీటర్లు కాబట్టి ఒకటి రెండు అడుగుల తేడాలోనే ఆట మారిపోతుంది. బండి కదులుతుంటే గొంతు తునకలు తునకలుగా రావడానికి కారణం అదే. దీనికి మందు వాట్లు కాదు, బండిని జరపడమే.

కింద చెట్టు నీడలో ఆపి, ఒకే చోట రెండు యాంటెన్నాలూ మార్చి మార్చి చూశాం. పొడుగుది మైదానంలో కాస్త మేలేమో గానీ, ఘాట్‌లో మాత్రం నా అర మీటరు కడ్డీయే బాగా పలికింది. పొడుగుది తన బలాన్నంతా నేల వెంబడి పలచగా పరుస్తుంది, పొట్టిది పైకి కూడా కొంత పంపుతుంది. కొండల మధ్య తిరిగేవాళ్లకు పైకి పోయేదే కావాలి. ఒక్క ఘాట్‌లో చూసి ఇంత గట్టిగా ఎలా చెప్తావని అడగొచ్చు. అయినా గట్టిగానే చెప్తాను. పైగా పొడుగుదానికి చింతకొమ్మ తగిలితే మ్యాగ్నెట్‌తో సహా ఊడి రోడ్డు మీద పడుతుంది.

ఆ దారిలోనే ఒక చెక్‌పోస్టులో ఆపారు. మా వైపు అడవుల్లో ఎర్రచందనం ఉంది కదా, బండి మీద కడ్డీ, చేతిలో మైకు కనిపిస్తే అనుమానం రాకుండా ఉంటుందా? "ఏందబ్బీ ఇది, ఎవరికి చెప్తాండావ్?" అన్నాడు ఆయన. లైసెన్సు కాపీ తీసి చూపించాను. తిప్పి తిప్పి చదివి, "ఫోను ఉంది గదా, ఇదెందుకు?" అన్నాడు. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడిన సంగతి ఎత్తాను. కరెంటు పోతే సెల్ టవరు ఎంతసేపు నిలబడుతుంది సార్ అన్నాను. తల ఊపి గేటు ఎత్తాడు. కాపీ ఎప్పుడూ బండిలోనే పెట్టుకోండి. 50 వాట్లు కొనేముందు ఆ కాగితంలో మీకు ఎంత పవరుకు అనుమతి రాశారో కూడా చదవండి.

ఈ మాట మీకంటే ఎక్కువ చెప్పాల్సింది ఆన్‌లైన్‌లో చవక వాకీటాకీలు తెప్పించుకుని పెళ్లిళ్లలో, తోటల్లో వాడేవాళ్లకు. లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చే వాకీటాకీలు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవరువి. 144 నుంచి 146 దాకా మనది, హ్యామ్‌లది. దాంట్లో దూరి "క్యాటరింగ్ వాళ్లు వచ్చినారా" అంటే ఎలా? 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ ఆన్‌లైన్ అమ్మకాల మీద మార్గదర్శకాలు తెచ్చింది. ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో, లైసెన్సు కావాలో వద్దో అమ్మేవాళ్లు స్పష్టంగా చెప్పాలి. అయినా కొనేవాడు చదవకపోతే ఎవరేం చేస్తారు?

కారులో కరెంటు సిగరెట్ లైటరు సాకెట్టు నుంచి తీసుకోవద్దు. 50 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు పది ఆంపియర్లకు పైనే లాగుతుంది. ఆ సన్న వైరు మీద వోల్టేజీ పడిపోయి సెట్టు ఆగిపోతుంది, లేదా ఫ్యూజు పోతుంది. నేరుగా బ్యాటరీ నుంచి లావు వైరు లాగి, బ్యాటరీకి దగ్గరగానే ఫ్యూజు పెట్టండి. ఇంజను వేగంతో పాటు ఈల లాంటి శబ్దం పెరుగుతుంటే అది ఆల్టర్నేటరుది, చాలావరకు ఈ వైరింగ్‌తోనే తగ్గుతుంది. తలుపు సందులోంచి కేబుల్ తెచ్చేటప్పుడు రబ్బరు బీడింగ్ మెత్తగా ఉన్నచోట తీసుకోండి, నలిగితే అక్కడే తెగుతుంది.

సన్‌రూఫ్ అన్నారు. అద్దం మీద మ్యాగ్నెట్ నిలవదు, నిలిచినా లాభం లేదు. కడ్డీ కింద ఇనుప రేకు ఉండాలి, అది యాంటెన్నాకు రెండో సగం. సన్‌రూఫ్ వెనక, డిక్కీ తలుపుకు ముందు మిగిలే రేకులో నడిమికి పెట్టండి. చుట్టూ అర మీటరు రేకు దొరికితే చాలు. రూఫ్ రెయిల్స్‌కు దూరంగా జరపండి, మా బామ్మర్ది బండి మీద క్యారియరు కడ్డీల పక్కన పెడితే ఎస్‌డబ్ల్యూఆర్ 3 చూపించింది. పెట్టేముందు ఆ చోట ధూళి తుడవండి, లేకపోతే మ్యాగ్నెట్ కింద ఇసుక రాపిడికి పెయింటు పోతుంది. కొత్త కారైతే ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టండి.